పక్కింటి బామ్మ పుట్టిన దేశం

నా చిన్నప్పుడు మా నాన్న బాగుచేయలేనిదంటూ ఏదీ లేదని గట్టిగా నమ్మేదాన్ని. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకం బెంబేలెత్తుతుంటే, వాటిని సరిచేసే ఉద్యోగం మీదే ఆయన మమ్మల్ని గుంటూరు నుంచి సిడ్నీకి తీసుకొచ్చారు. ఆ ఊరి శివారు గిరావీన్‌లో అద్దెకున్నాం. పక్కింట్లో ఎనభై దాటిన టాటారు జాతి బామ్మ ఒక్కతే ఉండేది.

రష్యాలో విప్లవం వచ్చాక, కజాన్ నగరంలో ఆవిడ జాతివాళ్లు కాలువ అవతలి తమ పేటల్లో సొంత రాజ్యం ప్రకటించుకున్నారట. నెల తిరక్కుండానే విప్లవ ప్రభుత్వ సైన్యం వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. బామ్మ పుట్టింది సరిగ్గా ఆ నెలలోనే. ఆ గొడవలోనే తండ్రి ప్రాణం పోయింది. తల్లి పసిగుడ్డును చంకనేసుకుని చైనాకు పారిపోయింది. అక్కడా, తర్వాత ఆస్ట్రేలియా వచ్చాకా, ఏ కాగితం నింపినా పుట్టిన దేశం రష్యా అనే రాశారు. చచ్చేలోపు ఒక్క కాగితం మీదైనా తన దేశం పేరు చూసుకోవాలని ఆవిడ కోరిక.

వృద్ధాశ్రమంలో చేరడానికి ఫారం తెచ్చి, కళ్లు సరిగా కనబడవని నాన్నను నింపమంది. దాని వెనక దేశాల జాబితా ఉంది. అందులో ఆ పేరు ఎందుకుంటుంది?

"ఒక్క లైన్ యాడ్ చేస్తే పోయేదానికి పెద్దావిణ్ణి బాధపెట్టడం దేనికే" అంటూ నాన్న ఆ జాబితాను అచ్చం అలాగే టైపు చేసి, మధ్యలో బామ్మ దేశాన్ని చేర్చి, ఫారంలోనూ అదే రాశారు.

"వద్దండీ, రేపు ఆఫీస్‌లో అడిగితే ఆవిడేం చెప్తుంది?" అంది అమ్మ. నాన్న వింటేగా. నేనైతే ప్రింటర్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

బామ్మ ఆ పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మర్నాడు కొత్త రుమాలు తలకు కట్టుకుని ఆశ్రమానికి వెళ్లింది. అక్కడి గుమస్తా కంప్యూటర్‌లో వెతికి, అలాంటి దేశం లేదని, ఈ కాగితం తమది కాదని చెప్పి, రష్యా అని నమోదు చేసుకుందట.

బామ్మ తిరిగొచ్చి మా గడప దగ్గర నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, కోపం లేకుండానే చెప్పింది. "నా దేశం మొదటిసారి పోయినప్పుడు నాకు ఊహ తెలియదు బాబూ. ఈసారి తెలిసింది. దొంగ కాగితం ఎందుకు? నీ దేశం ఉండేది, పోయింది అని నాతో ఒక్కరంటే చాలు."

నాన్న తల దించుకున్నారు. ఆ ఒక్క మాట ఆయన నోరు దాటలేదు. నాకైతే సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆశ్రమంలో చేరిన రెండో నెలలో బామ్మ చనిపోయింది. మరణ పత్రంలోనూ రష్యా అనే రాశారట.

ఇప్పుడు నా జుట్టూ అక్కడక్కడా నెరుస్తోంది. పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, అంతా సర్దుకుంటుందని చెప్పడం నాకు చేతకాదు. నీది రాతి గుండె అని మావాళ్లు దెప్పుతారు. పక్కన కూర్చుని, ఉండేది, పోయింది అని మాత్రం అంటాను. మా ఇంట్లో ఏ ఒక్కరమూ బామ్మతో అనలేకపోయిన మాట అది.