చిరగని సర్టిఫికెట్

కోపమొస్తే మా నాన్న ముందు కాగితం చింపేవాడు, తర్వాత మనుషుల మీదికి వచ్చేవాడు. రేషన్ కార్డు, అమ్మ బైబిల్లో కీర్తనల పేజీలు, నా పదో తరగతి మార్కుల జాబితా అలా పోయినవే. అందుకే టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ చేతికి రాగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సులో గుంటూరు వచ్చింది. బ్రాడీపేటలో లామినేషన్ మిషన్ అప్పుడే కొత్త. షాపతను కాగితాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడి రోలర్లలోకి తోశాడు. మూడూ కలిసి ఒకే అట్టలా బయటికొచ్చాయి.

"ఇక తడిసినా ఏం కాదమ్మా," అన్నాడు.

"తడవటం కాదయ్యా, చింపితే?" అంది అమ్మ.

అతను నవ్వి, పాత ముక్క ఒకటిచ్చి లాగి చూడమన్నాడు. అమ్మ పళ్లు బిగించి లాగింది. చిరగలేదు.

ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం నాన్న తాగొచ్చాడు. "కూతురి కూడు తినే ఖర్మ నాకేంటే? ఏదే ఆ కాగితం?" అంటూ నా పెట్టె తన్ని సర్టిఫికెట్ లాక్కున్నాడు. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు దొర్లించే చేతులవి. లాగాడు, మెలిపెట్టాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. చివరికి పళ్లతో కొరికితే అంచు గీసుకుని ఆయన పెదవే తెగింది. నాకు నవ్వొచ్చింది. అది చూసి జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొట్టాడు. ఆపకుండా కొట్టాడు.

"చిరక్కపోతే కాలదా?" అని పొయ్యి వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ మిరప కల్లం నుంచి వచ్చింది. రోజంతా కాయల తొడిమలు తీసిన చేతులు. అవి కడుక్కోనిదే మమ్మల్ని ముట్టుకునేది కాదు. ఆ అరచేతులు రెండూ వెనకనుంచి నాన్న కళ్లలో పెట్టి రుద్దింది. వదలకుండా రుద్దింది.

నాన్న నేలమీద పడి దొర్లాడు. "నీళ్లు పొయ్యవే," అని అరిచాడు. అమ్మ తొట్టి దగ్గరికి వెళ్లి తన చేతులు కడుక్కుంది. నేనూ కదల్లేదు. జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

మర్నాడు ఇంటర్వ్యూలో ఆఫీసరుగారు సర్టిఫికెట్‌ను వెలుతురుకి పెట్టి చూశారు. ప్లాస్టిక్ మీద పళ్ల గాట్లు.

"ఏమ్మా, ఇంట్లో కుక్కని పెంచుతున్నారా?"

"లేదండి. మా నాన్నగారండి."

ఆయన నా నుదుటి వాపు చూశారు. సర్టిఫికెట్ రెండు చేతులతో తిరిగిచ్చారు. ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు నా పెట్టె పక్కన అమ్మ బట్టల మూట కూడా బస్సెక్కింది.