తేలికైన మిషను వద్దన్నాను

గుణదలలో మా సందు చివర ఉన్న చిన్న చర్చిని శనివారం సాయంత్రాలు ఊడ్చే పని నాది. ఎవరూ పెట్టలేదు, నేనే తీసుకున్నాను. స్కూల్లో పిల్లలతో అరిచి, ఇంటికొచ్చి వంట చేసి, మళ్లీ ఇదెందుకు నీకు అని మా ఆయన అడుగుతూనే ఉంటాడు. చీపురు పట్టుకున్నంతసేపూ నన్నెవరూ ఏదీ అడగరు, అందుకని.

మా చర్చిలో అందరం కిందే కూర్చుంటాం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. వెనక గోడవారన నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి, కిందికి దిగి లేవలేని పెద్దవాళ్ల కోసం. ఒకప్పుడు జంపఖానాలు పరిచేవాళ్లం; దులిపి మడిచి పెట్టేస్తే పని అయిపోయేది. తరవాత ఎవరో ఆకుపచ్చ కార్పెట్ వేయించారు. వేయించినవాళ్లను దేవుడు చల్లగా చూడాలి గానీ, వాళ్లు దాన్ని ఒక్కసారి ఊడ్చి చూసి ఉంటే బాగుండేది. చీపురుతో లాగితే దుమ్ము లేస్తుంది, కాసేపు గాల్లో తిరుగుతుంది, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఫిబ్రవరిలో కొండ మీద మేరీమాత తిరునాళ్లకు జనం పోటెత్తే రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు.

నాకు కీళ్లవాతం. వయసు మీద పడి అరిగిపోయే రకం కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద పడి తింటుందని డాక్టరు గారు చెప్పారు. కంచే చేను మేసిందన్నమాట. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. పాల ప్యాకెట్ పళ్లతో కొరుకుతాను. జాకెట్ హుక్కులు మా ఆయన పెడతాడు, పెడుతూ ఏదో ఒకటి అంటాడు. పది దాటాక కాస్త వదులవుతాయి, సాయంత్రానికి మనిషిని అవుతాను.

రెండేళ్ల కిందట ఒక ఎండాకాలంలో ఆ నొప్పి పోయింది. నిజంగానే పోయింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో సంఘమంతా నా కోసం ప్రార్థిస్తూ ఉంది. నేను మాత్రలూ వేసుకుంటూ ఉన్నాను. దేనివల్ల తగ్గిందని నేను ఆరా తీయలేదు. తగ్గింది చాలు అనుకున్నాను. ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. చేతులు పైకెత్తి గుప్పిళ్లు మూసి, తెరిచి చూపించాను. మాత్రల మాట కూడా చెప్పాను, కానీ ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. హాలంతా ఒక్కసారి “స్తోత్రం” అంది. ఎవరో ఫోన్లో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. అది ఎన్ని గ్రూపులు తిరిగిందో గానీ, హనుమాన్ జంక్షన్లో ఉండే మా పెదనాన్న కోడలు కూడా చూసి ఫోన్ చేసింది.

ఆ వీడియో చూసే ఆ అమ్మాయి వచ్చింది. గన్నవరం నుంచి, వానల్లో బస్సెక్కి. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. చేతులు నా ముందు చాపి చూపించింది. వేళ్ల కణుపులు రేగుపళ్లలా ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. “నాకూ అదే జబ్బక్కా. మీకు తగ్గిందిగా, నాకూ తగ్గిద్ది,” అంది. మాత్రలు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పాను. సరేనంది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునేది. ప్రార్థన అయ్యాక మొదటి ప్రశ్న అదే: “ఎలా ఉన్నాయక్కా చేతులు?”

దసరా సెలవుల్లో నొప్పి తిరిగొచ్చింది.

ఒక పొద్దున లేచి దుప్పటి తీయబోతే వేళ్లు మాట వినలేదు. అలా చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. నాకు ముందు గుర్తొచ్చింది నా చేతులు కాదు, ఆ అమ్మాయి. నాకు తిరగబెట్టిందని తెలిస్తే ఆమె ఏమైపోతుంది? ఆ వయసులో, ఆ నొప్పితో, నన్ను చూసుకుని కదా ధైర్యంగా ఉంది. ఆ ఆదివారం ఆమె అడగగానే “బాగున్నాయమ్మా” అన్నాను. ఒకసారి అన్నాక ఇక అంతే, వారం వారం అనాల్సి వచ్చింది.

దాచడం ఎంత కష్టమో దాచినవాళ్లకే తెలుసు. బైబిలు చంకలో పెట్టుకునేదాన్ని, చేత్తో పట్టుకుంటే జారుతుందని. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చలికి వెచ్చదనం కోసం అన్నట్టు నటించేదాన్ని. బెజవాడలో చలేమిటి! కుర్చీలో కూర్చుంటే దొరికిపోతానని కిందే కూర్చుని, ఆఖరి పాటప్పుడు అందరూ లేచే గందరగోళంలో గోడ పట్టుకుని లేచేదాన్ని. కొంగు చేతుల మీద కప్పుకోవడం అలవాటైపోయింది. “నీకంటే దొంగసారా అమ్ముకునేవాళ్లు నయం, వాళ్లు ఆదివారమన్నా నిశ్చింతగా ఉంటారు,” అన్నాడు మా ఆయన. “చెప్పేస్తే పోలా?” అని కూడా అన్నాడు. ఆయనకేం, ఆ పిల్ల కళ్లలోకి చూసి చెప్పాల్సింది ఆయన కాదుగా.

అలా మళ్లీ ఎండాకాలం కూడా గడిచింది. జూలైలో ఒక ఆదివారం పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఒక సంగతి చెప్పారు. కొత్తిల్లు కట్టుకున్న ఒక కుటుంబం చర్చికి వాక్యూమ్ క్లీనర్ కొనిస్తామందట. “ఏమ్మా, వాడేది నువ్వేగా. నువ్వే చూసి ఎంచుకో,” అన్నారు నాతో. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే, షాపులో నడిపి చూడమంటే నా చేతుల సంగతి బయటపడుతుంది కదా అనిపించింది. దేవుడు నా అవస్థ చూసి పంపించాడా, నన్ను పట్టివ్వడానికి పంపించాడా, తేల్చుకోలేకపోయాను.

ఇక ఆ వారమంతా స్కూల్లో అన్నం తినేటప్పుడు ఫోన్లో అవే వీడియోలు. ప్రతివాడూ తేలిక, తేలిక అని ఒకటే మాట. నేనూ తేలికైనదే మంచిదనుకున్నాను. మా పైవాటాలో వాళ్లకు అలాంటిది ఒకటి ఉంది, వైరు లేకుండా కర్రలా ఉండేది. అడిగి తీసుకుని మా హాల్లో నడిపి చూశాను. నిజంగానే తేలిక. కానీ పిడి దగ్గర తుపాకీకి ఉన్నట్టు ఒక మీట ఉంది. అది నొక్కి పట్టుకున్నంతసేపే తిరుగుతుంది, వేలు సడలితే ఆగిపోతుంది. సోఫా పక్కకి వెళ్లేలోపే నా చూపుడువేలు తీపు పెట్టింది. పైగా మోటారు బరువంతా మణికట్టు మీదే.

అప్పుడు అర్థమైంది, నాకు కావాల్సింది తేలికైనది కాదని. నాకు కావాల్సింది చక్రాల మీద కింద దొర్లే డబ్బా. పొడుగు పైపు ఉండాలి, వంగక్కర్లేకుండా. స్విచ్చి కాలితో నొక్కేలా ఉండాలి. వైరు లోపలికి చుట్టుకోవడానికి కూడా కాలి మీటే ఉండాలి. దుమ్ము పారబోయడానికి మూత గట్టిగా పీకాల్సిన అవసరం ఉండకూడదు. ఎంత బరువైనా పర్లేదు, దాన్ని మోసేది నేల కదా. ఇదంతా బాగానే తేల్చుకున్నాను. కానీ ఎందుకు కావాలో అమ్మగారికి ఏమని చెప్పను? స్వస్థత పొందినదాన్ని, తేలికైనది ఉండగా బరువైనది కావాలని ఎందుకు పట్టుబడతాను?

సాయంత్రం వెళదామండీ అని బతిమాలాను. సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన ఉందని, శనివారం పొద్దున్నే షాపు తలుపులు తీసే వేళకే వెళదామన్నారు అమ్మగారు. నా వేళ్లకు అది తెల్లవారే వేళ కింద లెక్క. తీరా ఆటో ఎక్కబోతే లోపల ఆ అమ్మాయి కూర్చుని ఉంది. “రెండో శనివారం కదా, నాకూ సెలవేనక్కా. అమ్మగారు రమ్మన్నారు,” అంది నవ్వుతూ. చేతులు కొంగు కిందికి లాక్కుని ఎక్కాను.

బందరు రోడ్డులో పెద్ద షాపు. ఏసీ చల్లదనం తగలగానే వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. సేల్స్‌మన్ ముప్పయ్యేళ్లవాడు, మర్యాదస్తుడు. వరసగా మూడు రకాలు చూపించాడు. ఒకటి బిందెంత డ్రమ్ము, తడీ పొడీ రెండూ లాగేది. రెండోది నేను మనసులో పెట్టుకున్న చక్రాల డబ్బా. మూడోది ఆ కర్ర.

అమ్మగారు సరిగ్గా కర్ర దగ్గరే ఆగారు. చేత్తో ఎత్తి చూశారు. “అబ్బ, పువ్వులా ఉంది! ఇదే తీసుకో అమ్మా. వైరు గోల కూడా లేదు.”

“అది చిన్నదండీ అమ్మగారూ. అంత కార్పెట్‌కి చాలదు.”

“చాలుద్దండీ,” అన్నాడు సేల్స్‌మన్. “దీనికి కార్పెట్ బ్రష్ కూడా ఇస్తున్నాం.”

“చార్జింగు మధ్యలో అయిపోతే?”

“హాలు మొత్తం అయ్యేదాకా వస్తదండీ, గ్యారంటీ.”

“ఆ చక్రాలదైతే గట్టిగా లాగుద్ది కదండీ.”

“దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతావా?” అన్నారు అమ్మగారు. “దేవుడు చేతులు బాగుచేసింది బరువులు ఈడవమని కాదు. ఇది పట్టుకుని చూడు ముందు.”

పిల్లలకు పొడుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని, ఆ రోజు నా సాకులు మూడింటితోనే అయిపోయాయి. సేల్స్‌మన్ నేల మీద గుప్పెడు కాగితం ముక్కలు చల్లి కర్ర నా చేతికిచ్చాడు. మీట నొక్కాను. మోత మొదలైంది. నాలుగు ముక్కలు లేచాయి. ఆగిపోయింది.

“నొక్కి పట్టుకోవాలండీ మేడం. వదలకూడదు.”

మళ్లీ నొక్కాను. చూపుడువేలు మెటిక దగ్గర సూది దిగినట్టయింది. ఆగిపోయింది. రెండో చెయ్యి కూడా కలిపి నొక్కాను. చిన్నగా గురక పెట్టి ఆగిపోయింది. సేల్స్‌మన్ మొహం మాడిపోయింది, పీసే బాగోలేదేమోనన్నాడు. లోపలికి వెళ్లి ఇంకొకటి కొత్తది తెచ్చాడు. పాపం, మూడోది కూడా తేవడానికి సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. నేను నవ్వు మొహం పెట్టుకుని దాన్నీ నొక్కాను. అదీ ఆగిపోయింది. నా చంకలు చెమట పట్టాయి, అంత చల్లగాలిలో కూడా.

“ఇలా ఇవ్వక్కా,” అంది ఆ అమ్మాయి. తన చేత్తో తీసుకుని నొక్కింది. కాసేపు తిరిగి ఆమె చేతిలోనూ ఆగిపోయింది. ఆమె ఒకసారి తన వేలి వంక చూసుకుంది. తరవాత నా చేతి వంక చూసింది. కొంగు లాక్కుందామనుకునేలోపే నా చెయ్యి పట్టుకుంది, మెల్లగా, మణికట్టు దగ్గర, నొప్పి లేని చోట. ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలుసు. ఈ జబ్బు ఉన్నవాళ్లకే తెలుస్తుంది అది.

“మీకూ ఉందా అక్కా?”

‘బాగున్నాయమ్మా’ అనే మాట నాలుక చివరే ఉంది. ఎన్నో ఆదివారాలు అరిగిన మాట. కానీ రాలేదు. “ఉంది,” అన్నాను. “దసరా నుంచి.”

ఆమె కూలిపోతుందని భయపడి ఇంకో చేత్తో భుజం పట్టుకున్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి వదలకుండానే భోరుమంది. కౌంటరు దగ్గర జనం తిరిగి చూశారు. నేను భయపడ్డదే జరిగింది, ఆ పిల్ల ధైర్యాన్ని నా చేతులతో నేనే తీసేశాననిపించింది. “ఏడవకమ్మా, నీకు తగ్గుద్ది, నా సంగతి వేరు,” అని ఏదేదో అంటున్నాను.

“అది కాదక్కా,” అంది వెక్కుతూనే. “అదే ప్రార్థన, అదే దేవుడు. మీకు తగ్గింది, నాకు తగ్గలేదు. అంటే నాలోనే ఏదో ఉందనుకున్నా. ఏడాదిగా నేనేం పాపం చేశానా అని వెతుక్కుంటన్నానక్కా. మా అత్తగారితో ఎదురు మాట్లాడినందుకా, పెళ్లికి ముందు ఏమన్నా తప్పు చేశానా అని... రాత్రి పగలూ అదే.”

నేను “బాగున్నాయమ్మా” అన్న ప్రతిసారీ ఈ పిల్ల ఇంటికెళ్లి తన తప్పులు ఏరుకుంటూ కూర్చుందా? ఆమెను కాపాడుతున్నానని ఇన్నాళ్లూ నేను పడ్డ పాట్లన్నీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

“ఏ పాపమూ లేదు,” అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే లేచింది. “ఇది జబ్బమ్మా. ఒట్టి జబ్బు.”

అమ్మగారు మా ఇద్దరి వంకా చూస్తూ నిలబడిపోయారు. వచ్చే ఆదివారం, ఆ వీడియో, ఆ సాక్ష్యం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, సేల్స్‌మన్ వైపు తిరిగారు. “ఆ చక్రాలది ఇటు తే బాబూ. కాలితో నొక్కేదేనా అది?”

అతను డబ్బాను దొర్లించుకుంటూ వస్తున్నాడు. ఆ అమ్మాయి నా మణికట్టు ఇంకా వదల్లేదు.

“ఇంకోసారి చెప్పండక్కా,” అంది.

“ఏం చెప్పను?”

“మీకు నొప్పిగా ఉందని.”

“నొప్పిగా ఉందమ్మా,” అన్నాను. “పొద్దున్నే అయితే మరీనూ.”