శ్రుతి దించిన ఆల్బమ్

కోటేశ్వరి ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు చాలాసార్లు ఆమె భర్త అనుకుని "వీరబాబన్నా" అని మాట మొదలుపెడతారు. ఆ గొంతు అంత లోతు. సత్తెనపల్లిలో హైస్కూలు చదివే రోజుల్లో ప్రార్థనకు ఆడపిల్లల వరసలో నిలబెడితే, తానొక్కతే శ్రుతిలో కిందికి జారిపోతోందని వెనక్కి పంపేశారు. మళ్లీ ముందుకు పిలిచింది జోసఫ్ మాస్టారు. ఆయన బళ్లో డ్రాయింగు చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు.

"ఆ పిల్ల తప్పు పాడట్లేదు, కింది వరస పాడుతోంది. పై వరసకు వేరే వాళ్లున్నారుగా" అన్నారాయన. ఒకే పాటను ముగ్గురి చేత మూడు ఎత్తుల్లో, ఒకేసారి పాడించడం నేర్పారు. పై వరస రచనది, నడిమి వరస అనీసాది, కిందిది కోటేశ్వరిది.

తర్వాత ఎవరి దారి వాళ్లది. పూజారి గారమ్మాయి రచన సంగీతం టీచరైంది. అనీసా బజారులో టైలరింగ్ షాపు పెట్టుకుంది. కోటేశ్వరి పక్క ఊళ్లో మిరప, పత్తి వేసే ఇంటికి కోడలైంది. మాస్టారి రిటైర్మెంటు సభలో చాలా ఏళ్లకు ముగ్గురూ కలిసి పాడారు. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో గుంటూరులో రికార్డింగ్ స్టూడియో నడిపే ప్రేమ్‌చంద్ చూశాడు. అతను కబురు పెట్టడంతో ముగ్గురూ 'గట్టుపాట' అని పేరు పెట్టుకుని, పొలాల్లో విన్న పాటలతో మొదటి ఆల్బమ్ చేశారు. అది జనంలోకి బాగా పోయింది. ఎక్కడో దర్శి వెళ్లే ఆటోల్లో కూడా వినిపించింది, కాలేజీ వాళ్లు పిలిచి పాడించుకున్నారు.

వీరబాబు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలన్నీ విన్నాడు.

"అన్నిట్లో ఆ రచనమ్మ గారే వినపడతన్నారు. నువ్వేడున్నావే?"

"కింద."

"కిందంటే?"

"నేనుంటే తెలీదు. లేకపోతే పాట బోసిగా ఉంటది."

అతనికి అర్థం కాలేదు గానీ, ఊళ్లో మాత్రం మా ఆవిడ పాడిందని చెప్పుకున్నాడు.

రెండో ఆల్బమ్‌కి పాటలన్నీ కొత్తవే కట్టింది రచన. దానికి 'మాపటేల' అని పేరనుకున్నారు. మొదటి దానిలో అందరూ మెచ్చుకున్నది తన పై స్వరాన్నే కాబట్టి ఈసారి దాన్ని ఇంకా పైకి తీసుకెళ్లింది. ఆ ఎత్తుకు తగ్గట్టు మిగతా ఇద్దరూ కూడా పైకి లేవాల్సి వచ్చింది. మిర్చి పని అయిపోగానే రికార్డింగ్ పెట్టుకుందామన్నారు.

ఆ ఏడు కాపు విరగకాసింది. కూలీలు దొరకలేదు. కోటేశ్వరి పొద్దున్నే కల్లంలో ఎండుకాయల రాశి ముందు కూర్చుంటే, రంగు పోయిన తాలుకాయలు ఏరి, టిక్కీ బస్తాలకెత్తేసరికి పొద్దుగూకేది. దగ్గు పట్టుకుంది. ప్రతి ఏడూ ఉండేదే కదా అని బెల్లం ముక్క నోట్లో వేసుకుని పనిలోకి దిగేది. ఒక ఆదివారం అనీసా షాపులో ప్రాక్టీసు చేస్తుండగా పాట మధ్యలో గొంతు ఆగిపోయింది. బొంగురుపోవడం కాదు, అసలు శబ్దమే లేదు. నోరు మాత్రం కదులుతోంది. ముందు గమనించింది అనీసా.

"అక్కా, ఆపు. ఏమైంది?"

కోటేశ్వరి గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

గుంటూరులో డాక్టరమ్మ కెమెరా గొట్టం పెట్టి చూసింది. "పని చేసే చేతికి కాయ కాస్తుందే, అట్లా నీ స్వరపేటికలో కాసిందమ్మా. కొన్నాళ్లు మాట కూడా వద్దు. మిర్చి ఘాటు తగిలితే ఇంకా పాడవుతుంది. తగ్గినా పాత గొంతే వస్తుందని మాట ఇవ్వలేను" అంది.

కోటేశ్వరి బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పాట పోతుందన్న దిగులు కన్నా, కల్లంలో మిగిలిన పని మాట ఇంట్లో ఎలా ఎత్తాలన్న దిగులే ఎక్కువగా ఉంది. ఎత్తడానికి నోరు కూడా లేదు. వెంట వచ్చిన వీరబాబే చెప్పాడు.

అత్త రాఘవమ్మ విని, "పాటల కోసం మిరపకాయలు మానుకున్నోళ్లని నేనెక్కడా చూళ్లా" అని విసుక్కుంది. మర్నాడు మాత్రం మూతికి తువ్వాలు బిగించుకుని తనే కల్లంలో కూర్చుంది. కోడలు మంచినీళ్లు తెస్తే దూరం నుంచే చెయ్యి ఊపింది.

"అటే పెట్టు. ఇటు రామాక."

ఎండలు ముదిరాక గొంతు తిరిగొచ్చింది. అయితే పైన కొన్ని స్వరాలు పోయాయి. కింద మాత్రం ఇంకాస్త లోతు దిగింది. రచన కట్టిన పాటల్లో కింది వరస పైకి లేవాల్సిన చోటల్లా ఆమె గొంతు చీలిపోయేది. కంప్యూటర్లో సరిచేస్తానన్నాడు ప్రేమ్‌చంద్. చేసి వినిపించాడు కూడా. అది తన గొంతులా లేదంది కోటేశ్వరి.

"ఇంకెవర్నైనా పెట్టుకోండే. నా మూలాన ఆపొద్దు" అని తనే చెప్పింది.

గుంటూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చక్కగా, ఎక్కడా తప్పు లేకుండా పాడింది. కోటేశ్వరి ఆ పూట అనీసా షాపులో బట్టల బీరువా పక్కన కూర్చుని విన్నది. తను పాడాల్సిన చోట మరొకరు పాడుతుంటే పెదాలు వాటంతటవే కదిలాయి. పాట సగంలో అనీసా ఆగిపోయింది. "నాకు నా స్వరం దొరకట్లేదు. ఇన్నేళ్లూ అక్క గొంతు మీద కాలు పెట్టి నిలబడ్డట్టు పాడాను" అంది.

ప్రాక్టీసు వినడానికి వచ్చిన జోసఫ్ మాస్టారు ఆ మాట విని రచన వైపు చూశారు. "శ్రుతి దించమ్మా."

"దించితే నా పై స్వరాలు పేలవంగా ఉంటాయి మాస్టారూ. పాటలన్నీ వాటి కోసమే కట్టాను."

"అదీ నిజమే."

రచన ఆ వారమంతా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తర్వాత స్కూలు నుంచి తిన్నగా కోటేశ్వరి ఇంటికి వచ్చి, వసారాలో శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చుంది. "పాడు, ఎక్కడ హాయిగా ఉందో అక్కడ ఆగు" అంది. కోటేశ్వరి పాడుకుంటూ దిగి ఒకచోట ఆగింది. రచన మీట అక్కడికి తిప్పి, ఆ శ్రుతిలో తన పై వరస అందుకుంది. ఎప్పుడూ మెరిసే గొంతు అక్కడ మామూలుగా, మాట్లాడుతున్నట్టు పలికింది. రెండోసారి పాడాక, "కోపంగా ఉందే నాకు" అంది. శ్రుతిపెట్టె ఆపేస్తూ, "కానీ పాట బానే ఉంది" అంది.

రికార్డింగ్‌లో ఒక్కొక్కరినీ విడిగా పాడించకుండా ముగ్గురినీ ఒకే మైకు చుట్టూ నిలబెట్టాడు ప్రేమ్‌చంద్. నాలుగో పాటలో కోటేశ్వరికి దగ్గొచ్చి మళ్లీ మొదటి నుంచి పాడారు. మిగతావి సాఫీగా సాగాయి.

'మాపటేల' మొదటి దానంత పోలేదు. హుషారు తగ్గిందని, రచన గారి గొంతుకు ఏమైందని కొందరు రాశారు. అది చదివి రచన రెండ్రోజులు ముభావంగా ఉంది. ఇంకొందరు పొలం నుంచి ఇంటికొచ్చి పడుకుని వింటున్నామని రాశారు. ఒంగోలులో జరిగిన సభలో పాత పాటలే అడిగారు. వాటినీ కొత్త శ్రుతిలోనే పాడారు, ఎవరూ కాదనలేదు.

మరుసటి ఏడు వీరబాబు సగం చేలో మిరప మానేసి శనగ వేశాడు. రాఘవమ్మ అందుకు సణిగింది గానీ అడ్డం పడలేదు. కోటేశ్వరి కల్లం వైపు వెళ్లదు, పత్తి తీతకు మాత్రం వెళుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు అనీసా షాపులో మిషన్లు ఆగాక ముగ్గురూ కూర్చుంటారు. ఇప్పుడు రచన కొత్త పాట కడితే ముందుగా కింది వరసే కడుతోంది.