ముందు కారులోంచి వచ్చిన చెయ్యి

ఇందిరాపురంలో మా అపార్టుమెంటు బేస్‌మెంటులో ఎవరో హ్యాండ్‌బ్రేక్ తియ్యకుండానే కారు కదిపినట్టున్నారు. ఈ ఉదయం ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగుతుంటే కాలిన బ్రేకుల వాసన ముక్కుకు తగిలింది. ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడ్డాను. ఆ వాసన వస్తే చాలు, సత్యవతి ఆంటీ పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

ఆంటీది కాకినాడ. పెళ్ళయి జనక్‌పురికి వచ్చి అప్పటికే నలభై ఏళ్ళు. గ్రేటర్ నోయిడా వైపు రేసు ట్రాక్ మీద, సరదాకొద్దీ సొంత కార్లు తెచ్చుకునే మాలాంటివాళ్ళకు ఆదివారాలు రేసు డ్రైవింగు నేర్పేవారు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారి బదిలీల మధ్య అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పక్కన ఇంకో పిల్ల లేని చదువు. ఒకరిని దాటడం, ఒకరు నన్ను దాటిపోవడం ముప్పై ఏళ్ళు నిండాక ఆ ట్రాక్ మీదే తెలిసింది. అందుకేనేమో, ముందు ఏ కారు కనబడినా ఒంటి మీద చీమలు పాకినట్టుండేది.

మొదట్లో ప్రతి మలుపులోకీ దూసుకెళ్ళేదాన్ని. "ఏవిటమ్మా ఆ కంగారు, లోపలేవన్నా ప్రసాదం పెడుతున్నారా?" అనేవారు ఆంటీ. "మలుపులోకి వెళ్తూ కాదు, బయటికొస్తూ దాటాలి. ముందే బ్రేకు వెయ్యి. ముందువాణ్ణి పోనీ. వాడు వేగం ఆపుకోలేక బయటి అంచుకి జారతాడు. నువ్వు లోపలి అంచు తాకి, స్టీరింగు తిన్నగా చేసి, అప్పుడు యాక్సిలరేటరు తొక్కు." నాకు అర్థమయ్యేది. కాలే వినేది కాదు.

ఆ ఏడాది నాకు కావలసింది ఒకటే, కొత్తవాళ్ళ రేసులో చోటు. దానికి ఆంటీ సంతకం కావాలి. గడువుకు ముందు చివరి ఆదివారం, ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాక్ ఎక్కాను. ప్రాక్టీసు రోజుల్లో ఒక నియమం ఉంది. ముందు కారు నడిపేవాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి, ఏ వైపునుంచి వెళ్ళాలో వేలితో చూపిస్తేనే వెనకవాళ్ళు దాటాలి. నా ముందు ఒక నీలం కారు. మూడు చుట్లు దాని వెనకే తిరిగాను. చెయ్యి రాలేదు. "స్వామీ, ఒక్కసారి" అని మొక్కుతూనే ఉన్నాను. నాలుగో చుట్టులో, మలుపు ముందర, కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. ఆంటీ "ఆగు" అనేలోపే లోపలికి దూరాను. ఆ కారు నడిపే అతనూ అప్పుడే మలుపు తిరిగాడు. నన్ను చూసి పక్కకు తప్పుకోబోయాడు. ఇద్దరం గడ్డిలోకి జారిపోయాం. కార్లు తగలకపోవడం దేవుడి దయ.

షెడ్డు దగ్గరికి రాగానే అతనే మా దగ్గరికి నడిచి వచ్చాడు. "సారీ దీదీ, గల్తీ మేరీ హై. మిర్రర్ ఠీక్ కర్ రహా థా." కారు పక్క అద్దం సర్దుకోవడానికి చెయ్యి బయట పెట్టి నన్ను పొరబడేలా చేశానని తప్పు తన మీద వేసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక సంతకానికి అడ్డేముంది.

అతను వెళ్ళేదాకా ఆగి ఆంటీ అడిగారు. "ఏ వైపు చూపించిందే ఆ చెయ్యి?"

నేను హెల్మెట్ పట్టీ విప్పుకోవడంలో పడ్డాను.

"లోపలికా, బయటికా? చెప్పు."

"ఎటూ చూపించలేదు ఆంటీ. అరచెయ్యి అద్దం మీద ఆనడం చూశాను. చూసి కూడా... స్వామే చూపించాడనుకున్నాను."

ఆంటీ నవ్వలేదు. "స్టీరింగు నీ చేతిలో పెట్టుకుని ఆయన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావు?" అని పెన్నుకు మూత పెట్టేశారు. కాసేపటికి, "ఈ ఏడు వద్దులే. వచ్చే ఆదివారం మాత్రం ఏడింటికల్లా వచ్చెయ్. ఉప్మా తెస్తాను," అన్నారు.

మరుసటి ఏడు సంతకం పెట్టారు. ఆ రేసులో రెండు కార్లను దాటాను, రెండూ మలుపు చివరే. ఆంటీ ఇప్పుడు లేరు. నా తొందర మాత్రం నాతోనే ఉంది. ఉద్యోగం మారాలన్నా, ఎవరికైనా పదునుగా జవాబివ్వాలన్నా, మనసు ముందే పరుగెత్తి ఏదో ఒకదాన్ని దైవసంకేతమని చూపిస్తుంది. నేను చూసిందేమిటి, చూడాలనుకున్నదేమిటి అని అప్పుడు నన్ను నేను అడుగుతాను. జవాబు దొరికేదాకా ఆగడం ఇప్పటికీ కష్టమే. ఆగగలిగిన రోజున, దణ్ణం పెట్టుకునేటప్పుడు స్వామి పేరు తర్వాత ఆవిడ పేరు తలుచుకుంటాను.