పెట్టని చురకలు

మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు శామీర్‌పేటలోని మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల చూడటానికి బొద్దుగానే ఉండేది గానీ, నాలుగు గుక్కలు పాలు తాగేసరికి ఎకరం దున్నినట్టు నుదురంతా చెమట పట్టి, రొమ్ము వదిలేసి ఆయాసపడేది.

"నాయిన పోలికే. బుక్కెడు తింటే అలసిపోతడు," అన్నాను. బావి మోటార్లు రిపేరు చేసే మా అల్లుడు వినేలాగే అన్నాను.

పన్నెండో రోజుకు నా వేళాకోళం ఆగింది. ఏడిస్తే పిల్ల పెదవులు నేరేడు పండు తిన్నట్టు అవుతున్నాయి. డొక్కలు ఎగురుతున్నాయి. పసిపిల్లలకు డొక్కలెగిరితే, పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి పొట్ట మీద చురకలు పెట్టడం మా వైపు వాడుక. మా అత్త నా నలుగురు పిల్లలకూ పెట్టింది. నలుగురూ బతికారు కాబట్టి అది గట్టి వైద్యమని నా నమ్మకం. పెట్టకపోయినా బతికేవాళ్లేమో అని ఒక్కనాడూ ఆలోచించలేదు. నేను చదివింది రెండో తరగతి, అందులో సగం రోజులు బడికే పోలేదు.

కాలిన కొమ్మును పట్టకారుతో పట్టుకుని లోపలికి వెళ్లాను. ఎన్నడూ నాకు ఎదురు చెప్పని నా బిడ్డ పిల్లను గుండెకు కరుచుకుని గోడకు ఆనుకుంది.

"అమ్మా, ఇంకొక్క అడుగేసినవనుకో, గా కొమ్ము నీ పొట్టకే పెడ్త."

"నీకు గూడ పెట్టిచ్చిన్నే! సచ్చినవా?"

"నా పొట్ట మీద మచ్చలు నాకెరుకనే. పాలు తాగనీకే దానికి దమ్ము లేదు, కాలిస్తే ఏడ్వనీకి యాడికెల్లొస్తది?"

జవాబు లేనప్పుడు నేను తిడతాను. నేను తిడుతుండగానే అల్లుడు ఆటో తెచ్చాడు. పక్కూరు తూంకుంటలో డాక్టరు గుండె విని, ముఖం ముడుచుకుని, సిటీలో పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ గుండెకు స్కానింగ్ తీశారు.

"గుండెలోంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే దారిలో ఒక వాల్వు ఉంటుందమ్మా. ఈ పిల్లకు పుట్టుకతోనే అది సరిగ్గా తెరుచుకోవడం లేదు," అన్నాడు అక్కడి డాక్టరు.

నాకు ముక్క అర్థం కాలేదు. అల్లుడికి అర్థమైంది.

"బాయిల ఫుట్‌వాల్వు పట్టేసినట్టా సారూ? మోటరు గుంజుతనే ఉంటది, నీళ్లు రావు?"

"అచ్చం అంతే."

"ఇప్పి సాఫ్ జేసి పెట్టరాదు మరి?"

డాక్టరు నవ్వాడు. "విప్పకుండానే తెరుస్తాం. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, దాని కొసన ఉన్న బుడగను ఉబ్బిస్తాం. చిన్న ప్రాణం, ప్రమాదం ఉంది. చెయ్యకపోతే బతకదు."

డాక్టరు పిల్ల చొక్కా పైకెత్తి పొట్ట చూశాడు.

"చురకలు పెట్టలేదు, మంచిది. ఆ పుండ్లు చీము పట్టి జ్వరమొస్తే తగ్గేదాకా ఆగాలి. ఈ పిల్లకు అంత వ్యవధి లేదు."

అల్లుడు పైన ఫ్యాను చూశాడు. నేను నేల చూశాను.

"మా ఇంట్ల గసొంటియి నడ్వయి సార్," అంది నా బిడ్డ, తన పొట్ట మీది మచ్చలపై కొంగు లాక్కుంటూ.

మర్నాడు పొద్దున పిల్లను లోపలికి తీసుకెళ్లారు. నేను తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, పలకనివాళ్లను తిట్టాను కూడా. చివరికి నర్సు వచ్చి, "వాల్వు తెరుచుకుంది. ఏడాదికోసారి చూపించుకోవాలి," అంది. సాయంత్రానికి పిల్ల పెదవులు మనుషుల రంగుకు వచ్చాయి. ఎత్తుకుందామని చేతులు చాచాను.

"ఆగు. ముందుగాల చేతులు కడుక్కో," అంది నా బిడ్డ.

అల్లుడి ముందు అంత మాట! కడుక్కున్నాను. సబ్బు పెట్టి, రెండుసార్లు.