అత్త ఊ అనేదాకా

మొన్న మధ్యాహ్నం శ్రీసిటీలో, మా కంపెనీ క్యాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లోంచే నగరిలోని మా ఇంటి కంప్యూటర్ తెరిచాను. చీర అంచు డిజైన్‌లో రెండు గళ్ళు మార్చాలని మా ఆయన ఫోన్ చేశాడు. ఇంటికి కొత్తగా ఫైబర్ లైన్ వచ్చింది కాబట్టి నొక్కీ నొక్కకముందే మొదటి గడి నిండింది. రెండోది నొక్కబోయి ఆగిపోయాను. ఎదురుగా తింటున్న అమ్మాయి నెట్ పోయిందా మేడం అని అడిగింది. నెట్ బ్రహ్మాండంగా ఉంది. నేను ఆగింది మా అత్త కోసం.

మాది మరమగ్గాల ఇల్లు. పగలంతా షెడ్డులో మగ్గాలు దడదడలాడుతుంటే ఉప్పు అందించమనడానికి కూడా అరవాల్సిందే. అందుకే మా ఇంట్లో ఎవరూ అవసరానికి మించి మాట్లాడరు. నేను తెల్లారి కంపెనీ బస్సెక్కితే తిరిగి ఇల్లు చేరేది దీపాలు పెట్టాకే. ఆదివారాలు కంప్యూటర్‌లో గళ్ళు నింపి చీరల డిజైన్లు గీసేదాన్ని. మా అత్తేమో గుంటమగ్గం కాలం మనిషి. అప్పట్లో పెద్ద అంచు చీర నేయాలంటే ఇద్దరు కావాలి. మామ మగ్గంలో కూర్చుంటే, ఆమె పక్కన పీట వేసుకుని అంచు దారం ఉన్న నాడె ఇటునుంచి అటు విసిరేది. విసిరి ఊ అనేది. ఆ ఊ వినబడ్డాకే మామ కాలికింది కర్ర తొక్కేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రోజంతా ఆ ఊ తప్ప ఇంకో మాట వినబడక, వీళ్ళిద్దరూ ఏదో గొడవపడి ఉంటారనుకున్నాను. మరమగ్గాలు వచ్చాక ఆమె పీట అటకెక్కింది, కొన్నాళ్ళకు మామ కూడా పోయాడు. ఆ కోపం మగ్గాల మీద చూపించలేక నా కంప్యూటర్ మీద చూపించేది. దాన్ని 'నీ పెట్టె' అనేది. తడి ఆరని కందిపప్పు చాట తెచ్చి సరిగ్గా దాని నెత్తిన పెట్టేది.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు మా ఆయన నూలు కోసం ఈరోడ్ వెళ్ళాడు. అదే రోజు మా చీరలు కొనే పుత్తూరు షావుకారు ఫోన్ చేసి, అంచులో హంసల మధ్య తీగ వద్దు, రుద్రాక్షలు కావాలన్నాడు. డిజైన్ ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టే ఆయన ఆ సాయంత్రమే కుటుంబంతో ఊరెళ్తున్నాడు, వారం దాకా రాడు. ఈలోగా కొత్త డిజైన్ ఆయనకు అందకపోతే వారం పాటు మగ్గాలు ఆగుతాయి. మగ్గాలు ఆగితే మా దగ్గర నేసే అన్నదమ్ములిద్దరూ ఇంకో షెడ్డుకు వెళ్ళిపోతారు, వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. నాకు సెలవు దొరకలేదు. మా పైఆయన్ని బతిమాలితే భోజనాల వేళ ఒక మూలనున్న కంప్యూటర్ వాడుకోమన్నాడు. మా ఇంట్లో నెట్ అంటే అప్పట్లో కిటికీ ఊచకు పాత చీర ముక్కతో కట్టిన డాంగిల్, అదీ నత్తనడక. అక్కడినుంచే ఇంటి కంప్యూటర్ తెరిచి, అత్తకు ఫోన్ చేసి, పెట్టె ముందు కూర్చుని ఏం కనబడుతోందో చెప్పమన్నాను. తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలేసరికి, ఎవరో వచ్చారనుకుని లేచి కొంగు సర్దుకుందట.

నేను గడి నొక్కాను. నా తెర మీద ఏమీ మారలేదు. మళ్ళీ నొక్కాను. అటు జరిపి ఒకసారి, ఇటు జరిపి ఒకసారి, విసుగొచ్చి వరసగా ఇంకొన్నిసార్లు.

"మ్మే, నువ్వేం సేస్తాండావో నీకు తెలస్తాండాదా? హంసకు మూడు ముక్కులొచ్చినాయి."

నా తెర మీద హంస ఇంకా ఒక్క ముక్కుతోనే బుద్ధిగా ఉంది. గీస్తున్నది నేనే అయినా, ముందు కనబడేది ఆమెకు. ఇక ఇది అయ్యే పని కాదత్తా అని ఫోన్‌లోనే ఏడ్చేశాను.

"ఏడిస్తే గళ్ళు నిండవు. ఒకటి నొక్కి ఆగు. ఈడ పడినాక నేను ఊ అంటా. నేను ఊ అనిందాకా సెయ్యి కదిలించొద్దు."

నొక్కాను. ఊ అంది. ముందు అదనపు ముక్కులు చెరిపాం, తర్వాత తీగ తీసేశాం, ఆ చోట రుద్రాక్షలు మొదలుపెట్టాం. గడి తప్పితే ఊహూ అనేది, నేను చెరిపేదాన్ని. కాసేపటికి నా తెర వైపు చూడటమే మానేశాను. గడికీ గడికీ మధ్య ఆగినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి చెప్పేది. మామకూ నాలాగే తొందరట, నాడె అవతలికి చేరకముందే తొక్కేసేవాడట. తిట్టేదట. ఇప్పుడు తిట్టడానికి మనిషి లేడంది. ఇన్నేళ్ళలో ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నా క్యారియర్ మూత తీయలేదు, ఆకలి కూడా తెలియలేదు. అట్టలాయన కొట్టుకు తాళం వేస్తుండగా డిజైన్ అందింది. మగ్గాలు ఆగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే కంప్యూటర్ మీద చాట లేదు. దాని ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో, అటక మీది పాత పీట దుమ్ము తుడిచి వేసి ఉంది. కుర్చీ ఎత్తు చాలక మెడ పట్టేసిందట. నేను చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి అడిగింది.

"రేపు ఎప్పుడొస్తావు, పెట్టెలోకి?"

ఆ తర్వాత కొన్నేళ్ళు, ఆమె మంచం పట్టేదాకా, మా అంచులన్నీ అలాగే గీశాం. డాంగిల్ తీసేసి మంచి లైన్ పెట్టిద్దామని మా ఆయన అన్నప్పుడల్లా ఇప్పుడేం తొందర అని వాయిదా వేసింది నేనే. ఆమె పోయాకే ఫైబర్ పెట్టించాం.

మొన్న క్యాంటీన్‌లో ఆ అమ్మాయికి నెట్ బాగానే ఉందని చెప్పి, రెండో గడి కూడా నొక్కాను. వెంటనే నిండింది. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య అప్పట్లో కాస్త కాలం ఉండేది, మా అత్త ఆ కాస్తలోనే ఉండేది.