తొంభై ఎనిమిది గొర్రెలు: కర్నూలు నుంచి జమ్మలమడుగు దారిలో

మా తమ్ముడు దేవదానాన్ని తిరిగి సంఘంలోకి తీసుకురావడానికి నేను జమ్మలమడుగు వైపు ప్రయాణమయ్యాను. కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది. ఈస్టరుకు ఇంకా మూడు వారాలుంది. మాది కర్నూలుకు ఐదు మైళ్ళ దూరంలో, నందికొట్కూరు రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు. అక్కడి క్రైస్తవ సంఘానికి నేను పెద్దల్లో ఒకణ్ణి. బడికి పోయినవాణ్ణి కాను. చెనిక్కాయల నూనె మిల్లులో మూటలు మోస్తూ, మూటల మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతోనే తర్వాత గుమాస్తానయ్యాను. సంఘం నియమాల పుస్తకం రాసే పని కూడా నాకే అప్పగించారు.

మా ఇండ్లల్లో డప్పు తాతల నాటి పని. క్రైస్తవులమయ్యాక మానుకున్నాం. నాలుగేళ్ళ కిందట ఊళ్ళో గొడ్లకు జబ్బు వచ్చి, అమ్మవారికి జాతర చేశారు. డప్పు కొట్టేవాళ్ళు చాలక దేవదానాన్ని పిలిచారు. వాడు వెళ్ళి కొట్టాడు. తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. "నా చేతులు కొట్టినాయి, నేను మొక్కలేదు" అన్నాడు. వాడి పేరు కొట్టివేసిన కాగితం మీద మొదటి సంతకం నాది. అలా తొలగించినవారు గుడి లోపల కూర్చోరాదు, వారింట శుభాశుభాలకు పోరాదు, వారితో కూర్చుని తినరాదు అని నియమం. వాడు భార్య సంతోషమ్మను వెంటబెట్టుకుని, జమ్మలమడుగు దగ్గర బండల గనిలో పనికి వెళ్ళిపోయాడు. ఈస్టరు దగ్గరపడుతుంటే మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, "ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని రా, పండుగనాడు అందరితో పాటు రొట్టె తీసుకునేందుకు ప్రభువు బల్ల దగ్గర కూర్చోబెడదాం" అన్నారు. కాగితం నేనే రాసుకున్నాను. తప్పిపోయిన గొర్రె ఉపమానం వాడికి చెప్పాలని కూడా నిశ్చయించుకున్నాను. ఆ కథ నేను బాగా చెబుతానని మా సంఘంలో పేరుంది.

ఈ దారిన వెళ్ళదలచినవారికి వివరాలు చెబుతాను. మా ఊరి నుంచి కర్నూలుకు మూడణాలు. కర్నూలులో నంద్యాల బస్సు ఆరింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి. నేను ఎనిమిదింటి దానికి ఎక్కాను. టిక్కెట్టు రూపాయి ఆరణాలు. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులవి. ఫైళ్ళ కట్టలు ఒళ్ళో పెట్టుకున్న గుమాస్తాలతో బస్సు నిండిపోయింది. పాణ్యం దగ్గర ఇంజను వేడెక్కి ఆగితే డ్రైవరు దిగి నీళ్ళు పోశాడు. వెనక సీట్లోంచి ఒకాయన, "రాజధాని బస్సు గదప్పా, ఇంత నిదానమా!" అన్నాడు. డ్రైవరు వెనక్కి చూడకుండానే, "రాజధాని వచ్చిండేది మీకు సామీ, దీనికింకా చెప్పలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మనసులో కథ అప్పజెప్పుకుంటున్నాను.

నంద్యాలలో బస్సు మారి కోయిలకుంట్ల చేరేసరికి ఒంటిగంట. ఈ ముక్కకు పన్నెండణాలు. రెండు వైపులా కోతలు అయిపోయిన నల్లరేగడి, కాలు దూరేంత బీటలు. కుందూ నదిలో నీళ్ళు పాయలుగా మిగిలాయి. కోయిలకుంట్ల హోటల్లో ఆరణాలకు భోజనం చేశాను. ఆకలి అంతగా లేదు. తమ్ముడింట్లో తినమంటే 'తిని వచ్చాను' అని నిజమే చెప్పవచ్చునని తిన్నాను.

జమ్మలమడుగు బస్సు రెండింటికి. పదణాలిచ్చి, జమ్మలమడుగు ఇంకా నాలుగు మైళ్ళుందనగా ఒక తుమ్మచెట్టు దగ్గర దిగాను. ఊరి పేరు రాయను. రోడ్డు నుంచి రెండు మైళ్ళు పొలాల మధ్య నడవాలి. సగం దారిలో, కోసేసిన జొన్న చేలో గొర్రెల మంద కనిపించింది. ఇక్కడ వేసవిలో కాపర్లు రాత్రిపూట రైతు పొలంలో మంద కడతారు. ఎరువు రైతుకు, గింజలు కాపరికి. వేపచెట్టు నీడలో గొంగడి మీద కూర్చుని ఒక ముసలాయన బీడీ కాలుస్తున్నాడు.

"ఏమప్పా, తెల్లగుడ్డలేసుకోని ఎండలో యాడికి పోతాండావు? జప్తుకొచ్చిన అమీనా సాయిబువా?" అన్నాడు.

కాదని చెప్పి నీడన కూర్చున్నాను. నా కథలోని కాపరి లాంటివాడు నిజంగా ఎదురైతే అడగకుండా ఉండలేకపోయాను. "పెద్దాయనా, నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే ఏం చేస్తావు?"

"ముందు ఎంచినోన్ని తిడతా."

"తర్వాత?"

"ఎతకను పోతా. పోకుంటే ఎట్ల?"

"మిగతా తొంభై తొమ్మిదింటినీ వదిలేసేనా?"

"వదిలేస్తే తోడేలు ఊరుకుంటాదా? మా అన్న కొడుకులుంటారు మందకాడ." ఆయన బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. "అయితే తొంభై తొమ్మిది గాదప్పా మందలో ఉండేది. తొంభై ఎనిమిది. ఎతకను పోయేటప్పుడు మాలిమి గొర్రెను ఒకదాన్ని యెంట తోలుకపోతాం."

నేను రోజూ సాయంత్రం లెక్క రాసుకునే మనిషిని. ఆ ఒక్క గొర్రె ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలనిపించింది. ఎందుకని అడిగాను.

"ఒంటిగొర్రె మేత ముట్టదు. గడ్డిలో ఇడిసినా నిలబడుకొనే ఉంటాది, దడతో. మనం పోయి పిలిస్తే ఇంకా దూరం ఉరుకుతాది. కొట్టి తోలితే పండుకుంటాది. అదే ఇంకో గొర్రె పోయి దాని పక్కన మేసిందనుకో, దీనికి గూడ పానం వచ్చి నోరు పెడతాది. మేసినాక నువ్వు మోసుకరా, నడిపించుకరా, యాడికైనా వస్తాది."

"తప్పిపోయినందుకు దాన్ని ఏమీ అనరా?"

"దానికి దావ యాడ తెలుస్తాదప్పా? అది తప్పిపోలేదు. మేం పోగొట్టుకున్న్యాం." లేచి గొంగడి దులుపుకుంటూ నా వైపు అదోలా చూశాడు. "నీది యాడ పోయింది?"

దండం పెట్టి నడిచాను.

నాలుగు గంటలకు తమ్ముడి ఇల్లు చేరాను. ఇల్లంటే నాపబండలు నిలబెట్టిన గోడలు, పైన బోదగడ్డి కప్పు. వాడు వాకిట్లో కూర్చుని బండ అంచులు ఉలితో చెక్కుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి ఉలి కింద పెట్టాడు.

"రాన్నా."

చెంబుతో నీళ్ళిచ్చాడు. నీళ్ళు తాగవచ్చునా లేదా అని నియమాల్లో రాయలేదు. తాగాను. క్షేమసమాచారాలు రెండు మాటల్లో అయిపోయాయి. ఇక నేను కథ మొదలుపెట్టాను. నూరు గొర్రెలున్న కాపరి, వాటిలో ఒకటి కొండల్లో తప్పిపోవడం, అతడు వెతుకుతూ పోవడం, దొరికాక భుజాల మీద మోసుకొచ్చి ఇరుగుపొరుగును పిలిచి సంతోషించడం, అన్నీ మా గుడిలో చెప్పినట్టే చెప్పాను. ప్రభువు ఒక్కరి కోసం కూడా అలా వెతుకుతాడని ముగించి, కాగితం విప్పి బండ మీద పెట్టాను.

వాడు చివరిదాకా విన్నాడు. "బాగ చెప్పినావన్నా. నీ మాదిరి ఎవురూ చెప్పలేరని ఊర్లో గూడ అంటాండ్రి." తర్వాత కాగితం వైపు చూశాడు. "ఆ కాపరి గూడ గొర్రెతో ఏలిముద్ర ఏయించుకున్న్యాడా, భుజం మీద ఎత్తుకునే ముందర?"

ఆ కథ ఎన్ని ఆదివారాలు చెప్పానో. గొర్రె అందులో ఒక్క మాటా మాట్లాడదని ఎప్పుడూ గమనించలేదు.

వాడే మళ్ళీ అన్నాడు. "పోయిన ఎండకాలం సంతోషమ్మ సచ్చిపాయ. పదకొండు దినాలు జ్వరం. అన్నను రమ్మను, పార్తన చెప్పియ్యి అని ఒకటే అంటాండె. పోస్టు మాస్టరుతో కార్డు రాయించినా. నీకు అందలేదేమోలే అనుకుంటి."

అందలేదని అంటే సరిపోయేది. వాడే ఆ దారి తెరిచి పెట్టాడు.

"అందింది" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూడలేదు. ఉలి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. నేను కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను. వాడు కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు.

చివరికి లేచి పొయ్యి వెలిగించాడు. కుండలో ఎసరు పెట్టి, రాగిపిండి పోసి, తెడ్డుతో కెలకసాగాడు. సంతోషమ్మ ఉన్న రోజుల్లో వాడు పొయ్యి దగ్గరికి పోయి ఎరగడు. తెడ్డు పట్టడం ఇప్పటికీ చేతకాలేదు, సంగటి ఉండలు కట్టింది. పళ్ళెం ఒక్కటే ఉంది. అందులో రెండు ముద్దలు పెట్టి, పక్కన చెనిక్కాయల పచ్చడి వేసి, నా ముందు జరిపాడు. వాడు ముట్టలేదు.

"తింటావా, తిని వచ్చినావా?" అని అడిగాడు. ఆ మాట ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు.

కోయిలకుంట్లలో సిద్ధం చేసుకున్న జవాబు నాలుక మీదే ఉంది. నియమం నేను రాసిందే, అక్షరం అక్షరం గుర్తుంది.

"నువ్వు కూర్చో, తిందాం" అన్నాను.

కడుపులో చోటు లేదు. అయినా తిన్నాను. నేను రెండు కబళాలు మింగాక వాడు చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తింటూ వాడు నా వైపు పచ్చడి లాక్కునేవాడు. ఆ రోజు నా వైపుకు తోశాడు. సగం అయ్యాక అన్నాడు: "ఒక్కన్నే తినబుద్ధి గాదన్నా. పొద్దున కెలికింది సాయంత్రం కుక్కకేస్తాంటా. ఈ పొద్దు నోటికి పట్టింది."

పొద్దుగుంకక ముందే సంతోషమ్మ సమాధి దగ్గరికి తీసుకుపోయాడు. గని అవతల, రాళ్ళు పేర్చిన గుట్ట. తలవైపు నిలబెట్టిన బండ వాడే చెక్కాడు. దాని మీద పేరు లేదు, వాడికి అక్షరాలు రావు. ఏడాది ఆలస్యంగా ప్రార్థన చేశాను. గుడిలో వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. "అమ్మా, రాలేదు, క్షమించు" అన్నాను. అది ప్రార్థన అవునో కాదో చెప్పలేను. మర్నాడు పొద్దున బొగ్గుతో ఆ బండ మీద ఆమె పేరు రాసిచ్చాను. నేను బయల్దేరేటప్పటికి మొదటి అక్షరం చెక్కుతున్నాడు. పండుగకు రమ్మని అడగలేదు. వస్తానని వాడూ అనలేదు.

ఊరికి రాగానే ముద్ర లేని కాగితం అయ్యగారికిచ్చి, తమ్ముడితో కూర్చుని భోంచేశానని చెప్పాను. ఆయన మెత్తని మనిషి. "నియమం రాసింది నువ్వే కదయ్యా. తప్పని ఒప్పుకో, పండుగ లోపల సరిచేద్దాం" అన్నారు. కార్డు అందినా పోకపోవడం తప్పని సంఘం ముందు ఒప్పుకున్నాను. తినడం తప్పని ఒప్పుకోలేకపోయాను. పెద్దలు ఆలోచించి నన్ను ప్రభువు బల్ల నుంచి తొలగించారు. వాళ్ళను తప్పుపట్టను. నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి, చేశాను కూడా.

ఈస్టరు ఆదివారం గుడి వసారాలో, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. లోపల మొదటి పాట అవుతుండగా దేవదానం వచ్చాడు. ముందు రోజే బయల్దేరి నంద్యాల బస్టాండులో పడుకున్నాడట. చొక్కా కొత్తగా ఉతికింది. నన్ను అక్కడ చూసి నిలబడిపోయాడు.

"లోపల లేవేమన్నా?"

"మీ ఇంట్లో తిన్నాను కదా."

వాడు లోపలికి చూశాడు, నా వైపు చూశాడు. "జరుగు" అన్నాడు. వసారా అంతా ఖాళీగానే ఉంది. అయినా జరిగాను. వాడు భుజం ఆనించి కూర్చున్నాడు. పాట రెండో చరణానికి గొంతు కలిపాడు. వాడిది ఎప్పుడూ నాకన్నా మంచి గొంతు.

ఆ ఉపమానాన్ని ఎన్నో ఏళ్ళు నేను కాపరి వైపు నిలబడి చెప్పాను. వినేవారిలో గొర్రె ఎవరా అని చూసేవాణ్ణి. వెతకబోయేవాడు మందలోంచి తానూ బయటికి రావలసి ఉంటుందని, పొలాల దారిలో ఒక ముసలాయన చెప్పేదాకా నాకు తోచలేదు. ఇది రాసేనాటికి మేమిద్దరం ఇంకా వసారాలోనే కూర్చుంటున్నాం. నెలకొక ఆదివారం వాడు వస్తాడు. అయ్యగారు ప్రసంగం చెప్పేటప్పుడు తలుపు మూయవద్దంటున్నారు. ఎప్పుడు లోపలికి పిలుస్తారో తెలియదు. ఆ విషయంలో తొందర పోయింది.

ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్ళేవారికి ఒక్క మాట. కర్నూలులో ఎనిమిదింటి బస్సు ఎక్కకండి. ఆరింటిదానికి వెళితే నంద్యాలలో తొమ్మిదింటి కోయిలకుంట్ల బస్సు, అక్కడ పదకొండింటి జమ్మలమడుగు బస్సు అందుతాయి, మధ్యాహ్నం వంటవేళకు ఇల్లు చేరతారు. దారిలో ఏమీ తినకండి.